వైద్యసేవకుల మనోవేదన: దూరం నుండి అందే చేయూత

మంచి వైద్యుని గురించి తెలుగువారు "హస్తవాసి కలవాడు" అంటారు. అదే మాటను ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో "ఆయన చేతిలో షిఫా ఉన్నది" అంటారు. రోగాన్ని నయం చేసే శక్తిని రెండు భాషలూ వైద్యుని చేతిలోనే చూచాయి. ఆ చేయే వణికినప్పుడు దానిని పట్టుకొనే వారెవరన్న ప్రశ్నను మాత్రం మన పెద్దలు అంతగా వేసుకొన్నట్లు కానరాదు. వైద్యుడు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, అంబులెన్సు డ్రైవరు, వార్డు శుభ్రం చేసే ఆయా, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త - వీరందరినీ కలిపి ఈ వ్యాసంలో వైద్యసేవకులని వ్యవహరిస్తాను. వీరి మనస్సు దెబ్బతిన్నప్పుడు టెలిఫోను ద్వారా, అంతర్జాలం ద్వారా అందే సహాయం ఎంతవరకు పనికివస్తుంది, ఏ చోట అక్కరకు రాకుండా పోతుంది అన్నదే ఇక్కడి విచారణ. ఇంటర్మీడియట్ ముగించి నర్సింగు, ఫార్మసీ, ల్యాబ్ శిక్షణలకు వెళ్లే విద్యార్థినులు మన మధ్య ఉన్నారు గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

మొదట ఈ బాధ స్వరూపాన్ని తెలుసుకొనాలి. 1974లో న్యూయార్కు మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఒక వ్యాసంలో "బర్నౌట్" అనే మాటను ప్రయోగించాడు. పగలు సొంత వృత్తి, రాత్రి ఉచిత వైద్యశాలలో స్వచ్ఛంద సేవ - ఈ విధంగా శ్రమించి స్వయంగా కూలబడిన మనిషి ఆయన. నూనె ఇంకిపోయిన ప్రమిదలో వత్తి కాలడం వంటిదని మనం దీనిని ఊహించుకొనవచ్చు. తరువాత 1981లో క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ అనే పరిశోధకురాళ్లు ఈ స్థితిని కొలిచే ప్రశ్నావళిని ప్రకటించి, ఇందులో మూడు లక్షణాలున్నాయని చెప్పారు. మనస్సులోని తడి ఆరిపోవడం ఒకటి. ఎదుటి మనిషి మనిషిగా కనిపించకపోవడం రెండవది. అప్పుడు రోగికి పేరుండదు, "ఏడవ నెంబరు మంచం" అవుతాడు. తన పని వలన ఎవరికీ ఏమీ ఒరగడం లేదనే భావన మూడవది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను వ్యాధిగా చేర్చలేదు. వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొన్నది. ఈ భేదం చిన్నదిగా తోచవచ్చు గాని చాలా ముఖ్యమైనది. వ్యాధి అయితే మందు మనిషికి ఇస్తాము. వృత్తిలో పుట్టినదైతే వృత్తినే పరీక్షించాలి.

దీని పక్కనే మరొక బాధ ఉన్నది. నర్సుల నీతిసమస్యలపై 1984లో గ్రంథం వ్రాసిన ఆండ్రూ జేమ్‌టన్ దానికి "నైతిక వ్యథ" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఏది చేయాలో తెలిసి ఉండి, సంస్థలోని అడ్డంకుల వలన అది చేయలేకపోవడమే ఆ వ్యథ. 2021 ఏప్రిల్, మే నెలలలో మన దేశంలో కొవిడ్ రెండవ ఉప్పెన వచ్చినప్పుడు ప్రాణవాయువుకు కరవు ఏర్పడింది. మంచానికి మంచానికి మధ్య నిలబడిన నర్సుకు రోగికి ఏమి కావాలో తెలుసు. అది సిలిండరులో లేదు. ఆమె అలసట ఒక రాత్రి నిద్రతో తీరవచ్చు. ఆమె చూచినది మాత్రం నిద్రలోకి కూడా వెంట వస్తుంది. అలసటను, నైతిక వ్యథను ఒకే గాటన కట్టి రెండింటికీ "ధైర్యంగా ఉండండి" అని ఒకే మాత్ర ఇవ్వడం సరి కాదని నా అభిప్రాయం.

ఈ బాధ ఎంత విస్తారమైనదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2020 ఆరంభంలో చైనాలోని 34 ఆసుపత్రులకు చెందిన 1,257 మంది వైద్యులను, నర్సులను ప్రశ్నించగా 50.4 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు, 44.6 శాతం మందిలో ఆందోళన, 34 శాతం మందిలో నిద్రలేమి కనిపించాయి. ఇవి ప్రశ్నావళిపై ఆధారపడిన లెక్కలు గనుక వీరందరూ రోగులేనని భావించరాదు. అయినా రెండు మంచాల వద్ద నిలబడిన ఇద్దరు నర్సులలో ఒకరు లోలోపల కుంగి ఉన్నారంటే ఆ వార్డు ఎట్లా నడిచిందో ఊహించండి.

దూరం నుండి మాట సహాయం చేయడం కొత్త సంగతి కాదు. 1953లో లండనులో చాడ్ వారా అనే క్రైస్తవ గురువు, ప్రాణం తీసుకొనాలనే తలంపుతో ఉన్నవారి కోసం ఒక టెలిఫోనును ఏర్పాటు చేశాడు. "సమారిటన్స్" సంస్థ ఆ విధంగా మొదలైంది. ఆయనను కలవడానికి వచ్చి వరుసలో కూర్చున్నవారికి స్వచ్ఛంద సేవకులు టీ ఇచ్చేవారు. వేచి ఉన్నవారు ఆ టీ ఇచ్చినవారితోనే తమ గోడు చెప్పుకొని, గుండె తేలికై, గురువుగారిని కలవకుండానే వెళ్లిపోవడం ఆయన గమనించాడు. పాండిత్యం కంటె వినే చెవికి విలువ ఎక్కువని ఆయనకు ఆనాడే తెలిసింది. మన వైపు 1986లో చెన్నైలో - అప్పటికి మద్రాసు - మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ "స్నేహ" సంస్థను స్థాపించారు.

అంతర్జాలం వచ్చిన తరువాత మాటతోపాటు పాఠం కూడా చేరింది. 2001లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయం వారు "మూడ్‌జిమ్" అనే అంతర్జాల పాఠ్యక్రమాన్ని ప్రారంభించారు. దీని మూలసూత్రం సులభమైనది. సంఘటన వేరు, దానిపై మనకు కలిగే ఆలోచన వేరు. మనస్సును కుంగదీసేది అనేకసార్లు ఆ ఆలోచనే. ఒక కొత్త నర్సు మందు వ్రాయడంలో పొరపాటు చేసి, సీనియరు సిస్టరు చేత మాట పడింది. "నేను ఈ వృత్తికే పనికిరాను" అని ఆమెకు తోచింది. పాఠం ఆమె చేత ఆ ఆలోచనను కాగితంపై వ్రాయిస్తుంది. దానికి అనుకూలమైన సాక్ష్యాలను, ప్రతికూలమైన సాక్ష్యాలను రెండు వరుసలలో పెట్టిస్తుంది. న్యాయస్థానంలో వలె వాదం జరుగుతుంది. చివరకు "ఈనాడు ఒక పొరపాటు చేశాను, రేపు చీటీని రెండుసార్లు చదువుతాను" అనే తీర్పు వస్తుంది.

ఇది వైద్యసేవకులకు ఉపకరించిందనడానికి మంచి ఆధారమే ఉన్నది. అమెరికాలో ఇంటర్నులుగా చేరబోయే 199 మంది యువవైద్యులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఉద్యోగంలో చేరకముందు నాలుగు వారాలు, వారానికి అరగంట చొప్పున ఈ పాఠాలు చెప్పారు. ఆ సంవత్సరంలో ఆత్మహత్య తలంపు కలిగినట్లు చెప్పినవారు పాఠాలు చదివిన వర్గంలో 12 శాతం, చదవని వర్గంలో 21.2 శాతం. 2015లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మొత్తం రెండు గంటల చదువుకు ఇంత ఫలితం కలగడం విశేషం. కష్టం రాకముందే నేర్పారన్నది ఇందులో మనం గమనించవలసిన అంశం. ఈత నేర్పవలసినది వరద రాకముందే గదా.

అయితే పైన చెప్పిన నైతిక వ్యథకు ఈ పద్ధతి యథాతథంగా వర్తించదు. "ప్రాణవాయువు ఉంటే ఆ మనిషి బ్రతికేవాడు" అని ఒక నర్సు అనుకొంటే అది పొరపాటు ఆలోచన కాదు, నిజం. నిజాన్ని వాదించి తుడిచివేయరాదు. అక్కడ వినేవాడు చేయగలిగినది, ఆమె చేతిలో ఉన్నదేది, లేనిదేది అన్న గీతను ఆమెతో కలిసి గీయడం మాత్రమే. ఇది యంత్రపాఠానికి అందని పని. శిక్షణ పొందిన మనిషే కావాలి.

ఇప్పుడు ఈ విషయంలో నాకు అన్నింటి కంటె విలువైనదిగా తోచిన ఉదాహరణకు వస్తాను. వూహాన్ నగరం ఉన్న హూబే రాష్ట్రానికి దక్షిణాన హూనాన్ రాష్ట్రం, దాని రాజధాని చాంగ్‌షా. అక్కడి సెకండ్ షియాంగ్యా ఆసుపత్రి మనోవైద్యులు 2020 ఆరంభంలో తమ తోటి సిబ్బంది కోసం చక్కని పథకం సిద్ధం చేశారు. ఒత్తిడిని గురించి అంతర్జాల పాఠాలు, సలహాకు టెలిఫోను, సామూహిక కార్యక్రమాలు - అన్నీ అమర్చారు. కాని సిబ్బంది రాలేదు. కొందరు నర్సులలో చిరాకు, ఉద్రేకం, విశ్రాంతి తీసుకొనడానికి నిరాకరించడం వంటి లక్షణాలు స్పష్టంగా ఉన్నాయి. అడిగితే "మాకేమీ ఇబ్బంది లేదు" అన్నారు.

అక్కడితో "వీరు అజ్ఞానులు, సహాయం వద్దంటున్నారు" అని ఆ వైద్యులు ఊరుకొని ఉంటే ఈ కథ ఇక్కడ చెప్పవలసిన పని లేదు. వారు వెళ్లి సిబ్బందిని విడివిడిగా ప్రశ్నించారు. అప్పుడు అసలు సంగతులు బయటపడ్డాయి. పనిలో దిగిన తరువాత తమకు వ్యాధి సోకుతుందన్న భయం వారికి అంత ముఖ్యం కాలేదు. ఇంటివారు తమను గురించి బెంగపడతారని, వ్యాధిని ఇంటికి మోసుకుపోతామని భయం. మాట వినని రోగులతో ఎట్లా వేగాలో తెలియదు. రక్షణ దుస్తులు చాలవేమోనన్న ఆందోళన. ప్రమాద స్థితిలో ఉన్న రోగి ముందు తమ చేతకానితనం. పలువురు సూటిగా చెప్పారు: మాకు మనస్తత్వ నిపుణుడు అక్కరలేదు, ఎవరూ లేపకుండా కాస్త నిద్ర కావాలి, చాలినన్ని రక్షణ సామగ్రి కావాలి. రోగుల భయాన్ని ఎట్లా శాంతింపజేయాలో నేర్పండని కూడా కోరారు. తమ మనస్సుకు మందు వద్దన్నవారు ఎదుటివాని మనస్సుకు మందు వేయడం నేర్పమన్నారు! వైద్యసేవకుని స్వభావం ఇందులో పూర్తిగా ఉన్నది.

ఆసుపత్రివారు పథకాన్ని మార్చారు. ఇంటికి వెళ్లకుండా ఉండడానికి విశ్రాంతి స్థలం ఏర్పాటు చేసి భోజనం, నిత్యావసరాలు సమకూర్చారు. వారి దినచర్యను వీడియో తీసి ఇంటివారికి పంపే ఏర్పాటు చేశారు. వ్యాధిని గురించి, రక్షణ సామగ్రి వాడకం గురించి శిక్షణ ఇచ్చారు. మొండికేసే రోగుల వద్దకు భద్రతా సిబ్బందిని పంపారు. కౌన్సెలర్లు టెలిఫోను పక్కన కూర్చొని ఎదురుచూడడం మాని, విశ్రాంతి స్థలానికే వెళ్లి వారి కష్టసుఖాలు విన్నారు. నూరుమందికి పైగా అక్కడ విశ్రమించారు. ఎక్కువమంది ఇంటిలో ఉన్నట్లే ఉన్నదన్నారు. చాడ్ వారా గారి టీ కప్పు చాంగ్‌షాలో మరల కనిపించినట్లయింది. నిద్ర, భోజనం, భద్రత ముందు నడిస్తేనే మాట సహాయం వెనుక నడవగలదు. ఆకలితో ఉన్నవానికి ఉపదేశం రుచించదన్నది మన పల్లెటూరి ముసలమ్మకు కూడా తెలిసిన సత్యమే గాని, పెద్ద పెద్ద పథకాలు వ్రాసేవారు తరచు మరచిపోతారు.

అన్నీ అమర్చినా రానివారు కొందరుంటారు. వారిని ఆపేది సిగ్గు, దాని వెనుక భయం. న్యూయార్కులో అత్యవసర విభాగాన్ని నడిపిన వైద్యురాలు లోర్నా బ్రీన్ 2020లో రోగులకు చికిత్స చేస్తూ తానూ కొవిడ్ బారిన పడి, కోలుకొని తిరిగి పనిలో చేరారు. ఆ ఏప్రిల్‌లోనే ఆత్మహత్య చేసుకొన్నారు. మానసిక చికిత్స పొందినట్లు తెలిస్తే వైద్యవృత్తి అనుమతి పోతుందేమోనని ఆమె భయపడినట్లు కుటుంబసభ్యులు తరువాత చెప్పారు. ఆమె పేరుతో అమెరికాలో 2022 మార్చిలో వైద్యసేవకుల మానసిక క్షేమానికి ఒక చట్టం వచ్చింది.

తన బాధ ఎవరి చెవిన పడుతుందోనన్న ఈ భయాన్ని చిన్నచూపు చూడరాదు. 1966లో అమెరికా ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్, మనిషితో సంభాషించినట్లు జవాబులిచ్చే "ఎలైజా" అనే కంప్యూటరు కార్యక్రమాన్ని ప్రకటించాడు. అది ఉత్త యంత్రమని తెలిసిన ఆయన కార్యదర్శి సైతం దానితో కొన్ని మాటలు మాట్లాడగానే, ఆచార్యుని గదిలోనుండి కొంచెం బయటికి వెళ్లమని కోరిందట. ఆనాటి ఎలైజాకు నేడు ఎంతో తెలివైన సంతానం కలిగింది. యంత్రంతో చెప్పుకొంటే ఎవరూ నవ్వరనే ధీమా మనిషికి ఉండడం సహజం. కాని ప్రాణం మీదికి వచ్చిన వేళ బాధ్యత వహించవలసినది యంత్రం కాదని గుర్తుంచుకొనాలి.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవాని వివరాలను గోప్యంగా ఉంచుకొనే హక్కును ఇచ్చింది. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దూరవైద్యానికి ఒక పద్ధతిని ఏర్పరచాయి. ఇక్కడ విద్యార్థులు ఒక తేడా తెలుసుకొనాలి. మందు వ్రాసే వైద్యునితో సంప్రదించేటప్పుడు రోగి ఎవరో వైద్యునికి, వైద్యుడెవరో రోగికి తెలిసి ఉండాలి. "స్నేహ" వంటి స్వచ్ఛంద సంస్థల టెలిఫోనులో వినే చెవి మాత్రమే కావాలనుకొన్నవారు పేరు చెప్పకపోయినా వింటారు. పేరు బయటపడుతుందన్న భయంతో మొదటిదానికి వెళ్లలేనివారికి రెండవది వాకిలి వంటిది.

వినడానికి కూడా శిక్షణ కావాలి. "నీమ్ హకీమ్ ఖత్రా-ఏ-జాన్" అని ఉర్దూ సామెత; అరకొర వైద్యుడు ప్రాణానికి ప్రమాదం. ఘోరం చూచినవారందరినీ వెంటనే కూర్చోబెట్టి, చూచినదంతా చెప్పించే పద్ధతి ఒకటి 1980 దశకంలో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వలన తరువాతి మానసిక గాయం ఆగదని పరిశోధనలు తేల్చాయి. కొందరికి కీడు కూడా చేసి ఉండవచ్చునని సందేహించాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు చెప్పే "మానసిక ప్రథమ చికిత్స"లో బలవంతంగా చెప్పించడం లేదు. అవసరాలు కనుక్కోవడం, చెప్పుకొంటే వినడం, తోడు చూపడం - అంతే.

2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన, భారత ప్రభుత్వం "టెలి మానస్" సేవను ప్రారంభించింది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. 14416 అనే నెంబరుకు పగలూ రాత్రీ ఏ వేళనైనా, ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. తెలుగుతో సహా ఇరవై భాషలలో మాట్లాడేవారున్నారు. ఇది వైద్యసేవకుల కోసమే పెట్టినది కాదు, అందరిదీ. రాత్రి డ్యూటీ ముగించి తెల్లవారుజామున బస్సు కోసం నిలబడిన నర్సుకు కూడా ఆ వేళలో పలికే నెంబరు ఇది. భాష సంగతి మరీ ముఖ్యం. ఆసుపత్రిలో రోగి స్థితిని ఇంగ్లీషులో చక్కగా వ్రాయగల నర్సు, తన గుండెలోని భారాన్ని చెప్పవలసివస్తే అమ్మతో మాట్లాడే భాషనే వెదుక్కొంటుంది. గల్ఫు దేశాలలో పనిచేసే మన తెలుగు, ఉర్దూ నర్సుల కష్టం ఇందులో రెట్టింపు: అక్కడి సహాయం వేరే భాషలో, ఇక్కడి సహాయం వేరే దేశంలో.

ఇక మిగిలినది గది సంగతి. గోప్యత చట్టంలో ఉన్నది గాని, మన ఇళ్లలో గది ఎక్కడిది? రెండు గదుల ఇంట్లో అత్తమామలు, పిల్లలు, టీవీ మధ్య ఒక ఆడపిల్ల ఫోను పట్టుకొని "నాకు బ్రతకాలని లేదు" అని ఎట్లా చెప్పగలదు? డాబా ఎక్కితే పక్క డాబావారు వింటారు. ఆసుపత్రి డ్యూటీ గదిలో తోటివారు వింటారు. దూరసహాయాన్ని గురించి వ్రాసేవారు తీగను గురించి, తెరను గురించి ఎంతో వ్రాస్తారు. తలుపును గురించి వ్రాయరు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం కూడా ఆ తలుపును గురించే. శిక్షణ కోసం ఆసుపత్రులకు వెళ్లబోయే విద్యార్థినులకు, అమెరికా ఇంటర్నులకు వలె, ముందుగానే నాలుగు వారాలు అరగంట చొప్పున ఈ పాఠాలు తెలుగులోను, ఉర్దూలోను చెప్పించడం అసాధ్యం కాదు. 14416 నెంబరును అందరూ చూచే నోటీసు బోర్డుపై అంటిస్తే దానిని వ్రాసుకొనే పిల్లను కూడా అందరూ చూస్తారు. ప్రతి విద్యార్థిని రికార్డు పుస్తకం లోపలి అట్టపై అచ్చు వేయిస్తే ఎవరి కంటా పడకుండా అందరి వద్దా ఉంటుంది. మన గ్రంథాలయం వెనుక పాత పటాలు పెట్టిన చిన్న గది ఒకటి ఖాళీగా ఉన్నది. దానికి కిటికీ ఉన్నది, ఒక కుర్చీ పడుతుంది, లోపలినుండి గడియ మాత్రం లేదు. ముందు ఆ గడియ పెట్టించాలి.